మీరు రాసేరు కదా

ఖిదిర్‌పూర్‌లోని ఒక తెలుగు బడిలో నేను పదమూడేళ్లు పాఠాలు చెప్పాను. అందులో మొదటి నాలుగేళ్లు నేను చెప్పింది చాలా ఎక్కువ, పిల్లలు నేర్చుకున్నది చాలా తక్కువ. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. మంచి టీచర్ని అనే అనుకునేదాన్ని. తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది.

మాది రాజమండ్రి. మావారికి బ్యాంకులో ఉద్యోగం. కలకత్తా బదిలీ అయినప్పుడు మూడేళ్లు కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి అనుకుని వెళ్లాం, అక్కడే ఉండిపోయాం. భవానీపూర్‌లో అద్దె ఇల్లు. మా పిల్లలిద్దరూ బడికి వెళ్లే వయసుకు వచ్చాక నాకు పగలంతా తోచేది కాదు. పెళ్లికి ముందు ఎప్పుడో టీచరు ట్రైనింగు అయ్యాను. ఉగాదికి తెలుగువాళ్లందరూ కలిసిన చోట ఒకావిడ చెప్పింది, ఖిదిర్‌పూర్‌లో మనవాళ్ల బడి ఒకటి ఉంది, టీచరు దొరక్క ఇబ్బంది పడుతున్నారు అని. మర్నాడే వెళ్లి చూశాను.

రేవుకు పోయే రోడ్డులో, ఒక సందు మొదట్లో పాత మేడ. కింద తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం. పైన మూడు గదులు. అదీ బడి. ఒకటి నుంచి అయిదు వరకు తరగతులు. హెడ్మాస్టారు, ఇంకో మాస్టారు, నేను. నాలుగు, అయిదు తరగతులు కలిపి ఒకే గదిలో నాకు అప్పగించారు. ముప్ఫై నలుగురు పిల్లలు. వాళ్ల నాన్నలు కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు, రేవులో బరువులు మోసేవాళ్లు. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. పిల్లలు ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బజార్లో బెంగాలీ మాట్లాడేవారు. బడిలో ఆ మూడూ కలిపి మాట్లాడేవారు. అక్కడ పంతులమ్మని దీదీమణి అంటారు. నన్నూ అలాగే పిలిచేవారు.

పుస్తకాలు ఆంధ్ర నుంచి రావాలి. బడి జూన్‌లో తెరిస్తే అవి ఏ దసరాకో చేరేవి, ఒక్కో ఏడు అసలు వచ్చేవే కావు. అందుకని పాఠమంతా బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు దించుకునేవారు. ప్రశ్నలు నేనే రాసి, జవాబులూ నేనే రాసేదాన్ని. అవీ దించుకుని బట్టీ పట్టి అప్పజెప్పేవారు. నా గదిలో గొడవ ఉండేది కాదు. హెడ్మాస్టారు వరండాలో నడుస్తూ ఆగి, "మీ గదిలో పిల్లలున్నట్టే ఉండదమ్మా" అని మెచ్చుకునేవారు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

ఒక ఏడు నదుల పాఠం వచ్చింది. గోదావరి గురించి నేను బోర్డు చూడకుండా చెప్పగలను, కానీ ఉత్తరాన ఉన్న నదులు నాకు పేర్లు తెలియడమే తప్ప అంతగా తెలియవు. ఆ రోజు ట్రాము ఆలస్యమై పరుగున వచ్చి, గబగబా రాశాను: "శ్రీకాకుళం పట్టణం వంశధార నది ఒడ్డున ఉంది." ఆ తొందరలో 'ఒడ్డున' అనే మాటలో డ వత్తు ఎగిరిపోయింది. అందరూ దించుకున్నారు. నోటుబుక్కులు సంచీలో వేసుకుని దిద్దడానికి ఇంటికి తెచ్చాను.

ఆదివారం నాడు మావారి ఆఫీసులో పనిచేసే ఆయన ఒకరు కాఫీకి వచ్చారు. ఆయనది శ్రీకాకుళమే. బల్ల మీద తెరిచి ఉన్న నోటుబుక్కు చూసి నవ్వారు.

"మా ఊరిని వంశధార దగ్గరికి ఎవరు జరిపారండీ? మాది నాగావళి. మా ఇంటి వెనక మెట్లు దిగితే నాగావళే."

నాకు ముఖం ఎర్రబడింది. ఆయన వెళ్లాక నోటుబుక్కులన్నీ ముందు పరుచుకుని కూర్చున్నాను. ముప్ఫై నాలుగింటిలోనూ వంశధారే. ముప్ఫై నాలుగింటిలోనూ 'ఒడున' అనే ఉంది, ఒక్కదానిలో కూడా వత్తు లేదు. ఒడ్డు అనే మాట రాయడం వాళ్లకు మూడో తరగతిలోనే వచ్చు. అంటే తప్పని చెయ్యికి తెలిసి కూడా, నేను రాసినట్టే రాశారు. నా తప్పుకంటే ఆ విధేయత నన్ను ఎక్కువ కుదిపింది.

సోమవారం తరగతిలో అడిగాను. "శ్రీకాకుళం ఏ నది ఒడ్డున ఉంది?"

"వంశధార" అన్నారు అందరూ ఒకే గొంతుతో.

"తప్పు. నేనే తప్పు రాశాను. నాగావళి. మీలో ఎవరికైనా తెలుసా ఈ సంగతి?"

కాసేపటికి రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది. పదేళ్లుంటాయి. నూనె రాసి బిగించిన రెండు జడలు, ఎప్పుడూ తలవంచుకుని రాసుకునే పిల్ల. ఆ పిల్ల గొంతు నాకు అప్పజెప్పేటప్పుడు తప్ప తెలియదు.

"నాకు తెలుసండి. మా అమ్మమ్మోళ్లు అక్కడే. ఎండాకాలం ఎల్తే నాగావళిలోనే తానం సేస్తాం."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

ఆ పిల్ల నా వంక వింతగా చూసింది. నా ప్రశ్నే ఆమెకు అర్థం కాలేదు.

"మీరు రాసేరు కదా."

అంతే అంది. నెపం వెయ్యడం లేదు, వెటకారం లేదు. నది నీళ్లలో మునిగి తేలిన పిల్ల, నేను సుద్దముక్కతో రాసిందే నిజమని ఒప్పుకుని, తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టేసింది. నాలుగేళ్లుగా నేను కష్టపడి నేర్పింది ఇదన్నమాట అనిపించింది.

ఇకనుంచి ప్రశ్నలు అడగండి, నేను తప్పు చెబితే ఆపండి అని ఆ రోజే చెప్పాను. వారం గడిచినా ఒక్కరూ అడగలేదు. అడగమని ఆజ్ఞ ఇస్తే, దాన్ని కూడా ఒక పాఠంలాగే తలూపుతూ విన్నారు. అప్పుడొక ఉపాయం పన్నాను. రోజూ బోర్డు మీద కావాలని ఒక తప్పు రాస్తాను, పట్టుకోండి అన్నాను. అది వాళ్లకు బాగా నచ్చింది. మూడు రోజుల్లో అదొక ఆటగా మారిపోయింది. తప్పు దొరకగానే చప్పట్లు కొట్టి, మిగతా పాఠం పట్టించుకోవడం మానేశారు. నాగావళి పిల్లే చివరికి అంది, "దీదీమణీ, మీరు దాసింది ఎతకడం ఏటుంది, దాగుడుమూతలే కదా." నిజమే. ఎక్కడ తప్పుందో నాకు ముందే తెలుసు, అది దొరకబుచ్చుకుంటే వాళ్లకు వచ్చేదేమీ లేదు.

ఆ ఉపాయం మానేసి, శుక్రవారం ఆఖరి గంట వాళ్లకు ఇచ్చేశాను. ఏం నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోవాలో వాళ్లే అనుకోవాలి. నేను అడిగితేనే సాయం చేస్తాను. మొదటి శుక్రవారం ముప్ఫై నలుగురూ చేతులు కట్టుకుని నా ముఖం చూస్తూ కూర్చున్నారు. నేను వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను. గంట గడవడం అంత కష్టమని నాకు ఎప్పుడూ తెలియలేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని మింగుతూ కూర్చున్నాను. రెండో శుక్రవారం పోట్లాడుకున్నారు. ఒకడి చొక్కా జేబు చిరిగింది. హెడ్మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏటమ్మా ఇది? బడా, చేపల బజారా?"

"ఇంకో నాలుగు వారాలు చూడండి మాస్టారూ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నాలుగు వారాల్లో ఏం జరుగుతుందని నమ్మకం ఉంది గనక?

ఆయన మంచివారు. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు.

మూడో శుక్రవారం అందరికన్నా వెనక కూర్చునే ఒక కుర్రాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. నాలుగో తరగతికి వచ్చినా వాడికి తెలుగు అక్షరాలు పూర్తిగా రావు. బోర్డు మీదిది బొమ్మ గీసినట్టు దించేవాడు. వాడి గురించి నాలోపల నేను ఆశ వదులుకున్నాను, ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"నాను బస్సులు రాస్తాను" అన్నాడు.

"బస్సులంటే?"

నోటుబుక్కు చూపించాడు. వెనక పేజీల నిండా బస్సుల ముందు రాసి ఉండే ఊళ్ల పేర్లు, బెంగాలీ అక్షరాల్లో. నేను బెంగాలీ కొంచెం చదవగలను. ఎస్‌ప్లనేడ్, మోమిన్‌పూర్, బేహాలా, గరియా. ఒక్క తప్పు లేదు. ఎవరు నేర్పారని అడిగితే ఎవరూ నేర్పలేదట. మోడు దగ్గర, అంటే నాలుగు రోడ్లు కలిసే చోట నిలబడి, కండక్టర్లు అరిచే పేరునీ బస్సు మీది అక్షరాలనీ కలిపి చూసుకుని పోల్చుకున్నాడట. నేను మొద్దు అనుకున్న పిల్లవాడు ఒక లిపిని ఎవరి సాయం లేకుండా, ఫుట్‌పాత్ మీద నిలబడి నేర్చుకున్నాడు.

"ఇవే పేర్లు తెలుగులో రాస్తావా?"

"అక్షరాలు రావు కదండి."

"కావలసినవి అడుగు. అయితే నన్ను కాదు."

వాడు వెళ్లి నాగావళి పిల్ల పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నాలుగు పేర్లు రాశాడు. తర్వాతి వారం తొమ్మిది. ఆ పిల్లకు కోపం వస్తే నేర్పేది కాదు, అప్పుడు వేరొకరి దగ్గరికి వెళ్లేవాడు. నెలన్నరలో వాడికి కావలసిన అక్షరాలన్నీ వచ్చేశాయి. బస్సుల్లో లేని అక్షరాలు మాత్రం రాలేదు. అవెందుకని వాటి జోలికే పోలేదు.

ఒకరోజు లేచి నిలబడి అడిగాడు. "దీదీమణీ, బస్సు మీద హావ్‌డా అని ఉంటాది. మనం హౌరా అంటం. ఏటి, మనది తప్పా?"

అది మా గదిలో నన్ను అడిగిన మొదటి సిసలైన ప్రశ్న.

"నాకు తెలియదు" అన్నాను.

ఆ మాట టీచరుగా నేను ఎప్పుడూ అని ఉండలేదు. ఎవరూ నవ్వలేదు. వాడు మాత్రం తేలిగ్గా, "అయితే కండక్టర్‌దాదాని అడుగుతాను" అని కూర్చున్నాడు. సోమవారం జవాబుతో వచ్చాడు. "ఇంగ్లీషోళ్లకి నోరు తిరక్క అలగన్నారంట. ఆళ్లది ఇని మనం అనీస్తన్నాం." అది ఎంతవరకు సరైందో నేను చెప్పలేను. కానీ గదంతా ఆ మాట గురించే అరగంట మాట్లాడింది. నేను కుర్చీలో కూర్చుని విన్నాను. వాళ్లు అలా మాట్లాడగలరని నాకు తెలియదు.

అంతా ఇంత సాఫీగా సాగలేదు. ఒక శుక్రవారం గంట మొదలవుతుండగా ఆ కుర్రాడి నాన్న బడికి వచ్చాడు. కార్పొరేషన్ ఖాకీ చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, తడిసిన కాళ్లు, భుజం మీద మనిషంత ఇనుప చువ్వ. కలకత్తా రోడ్లు కడగడానికి గంగ నీళ్లు వచ్చే పైపులు వేరే ఉంటాయి. ఫుట్‌పాత్ అంచున వాటి మూతలు తీసి, నీళ్లు విడిచి, తోలుగొట్టంతో రోడ్లు కడగడం ఆయన పని. ఆ చువ్వ మూత తిప్పే తాళం.

"అమ్మగోరూ, నాను సదువుకోలేదు" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "ఆడు సదువుకుంటాడని పంపేను. సూస్తే పుస్తకం నిండా బస్సులే రాస్తన్నాడు. అడిగితే దీదీమణే రాయమన్నాది అంటాడు. పిల్లలే పిల్లలకి సెప్పుకుంటన్నారంట. అలగైతే బడెందుకండి, రోడ్డు మీదే నేర్సుకుంటారు కదా."

ఆయన గొంతులో కోపం లేదు. దిగులుంది. నేను చేస్తున్నది సరైనదే అని ఆయనకు చెప్పడానికి నా దగ్గర అప్పటికి రుజువేమీ లేదు. ఇలాంటి ప్రయోగాలు నా సొంత పిల్లల బడిలో ఎవరైనా చేస్తే నేను ఒప్పుకునేదాన్నా అని కూడా అనిపించింది. కూర్చోమన్నాను. డ్యూటీ మీద ఉన్నాను, కూర్చోను అన్నాడు. కొడుకు తల దించుకుని ఉన్నాడు.

అప్పుడు నాగావళి పిల్ల లేచింది. "బాబాయ్, అదేటి?" అని ఆయన భుజం మీది చువ్వ చూపించింది.

ఆయన నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు తల ఊపాను.

"తాళమమ్మా. నీళ్ల మూత తిప్పేది."

"ఆ నీళ్లు ఎక్కడినుంచొస్తాయి?"

"గంగ నుంచి. ఒడ్డున పంపులుంటాయి. ఆళ్లు తోడితే మన రోడ్డు కిందకొస్తాయి."

"తాగొచ్చా?"

"తాక్కూడదు. తాగే నీళ్ల పైపు వేరు. ఇవి మురికి. వానాకాలంలో అయితే మట్టే వచ్చీస్తాది."

"రెండు పైపులూ కలిసిపోతే?"

"కలిసిపోకుండా సూడ్డమే మా పని" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నిలబడ్డ తీరు మారింది. చువ్వ భుజం మీంచి దించి గోడకు ఆనించాడు. ఇంకో నలుగురైదుగురు అడిగారు. నేల కింద పైపు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది, తోలుగొట్టం చేతిలోంచి జారిపోతే ఏమవుతుంది, ఎండాకాలంలో దారిన పోయేవాళ్లు తడపమంటారా. ఆయన ప్రతిదానికీ ఆలోచించి, పొల్లు మాట లేకుండా చెప్పాడు. నేను ఆ వీధిలో నాలుగేళ్లుగా నడుస్తున్నాను. తడి రోడ్డు మీద చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని దాటడమే తప్ప, ఆ నీళ్ల గురించి నాకు ఏమీ తెలియదు.

చివరికి కొడుకు అడిగాడు. కూర్చున్న చోటు నుంచే, తల ఎత్తకుండా.

"నానా, సలికాలం తెల్లారకుండా నీళ్లలో నిలబడతావు కదా. కాళ్లు నొప్పెట్టవా?"

గదిలో అందరూ ఆయన కాళ్ల వంక చూశారు. ఆయన కూడా చూసుకున్నాడు.

"నొప్పెడతాయిరా" అన్నాడు. "ఎప్పుడూ అడగలేదేటి నువ్వు?" అన్నాడు.

ఆయన వెళ్లేటప్పుడు మెట్ల దాకా వెళ్లాను. ఆయన బడి గురించి ఏమీ అనలేదు. "ఈళ్లు ఇప్పుడేటి సేస్తారండి?" అని అడిగాడు. మీరు చెప్పింది రాస్తారేమో, చూడాలి అన్నాను. "రాస్తే ఆడిసేత సదివించండి. వచ్చే శుక్రారం ఈ టయానికే ఇటు వస్తాను" అని మెట్లు దిగాడు.

రాశారు. వారమంతా రాశారు. శుక్రవారం దాకా ఆగలేక మధ్యాహ్నం తిండి గంటలో కూడా రాశారు. రాస్తుండగా వాళ్లకు ఒక చిక్కు వచ్చింది. ఆయన "మట్టే వచ్చీస్తాది" అన్నాడు. పుస్తకాల్లో అలా ఉండదు, "మట్టి వస్తుంది" అని ఉంటుంది. ఏది రాయాలి? సగం మంది ఒకటి, సగం మంది మరొకటి అన్నారు. నన్ను తీర్పు చెప్పమన్నారు. వెనకటి నేనైతే క్షణంలో దిద్దేసేదాన్ని. మీరేమంటారు అని తిప్పి అడిగాను. రెండు రోజులు వాదించుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. బాబాయ్ అన్నవి ఆయన అన్నట్టే ఉంచాలి, మిగతాది పుస్తకంలో లాగా రాయాలి. "ఆయన్నది మనం మార్చీస్తే ఆయన అన్నట్టు కాదు కదా" అంది నాగావళి పిల్ల. అయితే ఇది ఆయన మాట అని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుందని ఇంకొకరు అడిగారు.

అప్పుడు బోర్డు మీద కొటేషన్ మార్కులు గీసి చూపించాను. ఆ గుర్తుల పాఠం మూడేళ్లుగా ఏటా చెబుతూనే ఉన్నాను, ఏటా మరిచిపోతూనే ఉన్నారు. ఆ రోజు నేర్చుకున్నవాళ్లు మళ్లీ మరిచిపోలేదు. కావలసి అడిగి తీసుకున్నారు కాబట్టి.

శుక్రవారం ఆయన వచ్చాడు. తల దువ్వుకుని, ప్యాంటు కిందికి దించుకుని వచ్చాడు. కుర్రాడు నిలబడి చదివాడు. ఒకటిన్నర పేజీ. మధ్యమధ్య ఆగాడు. ఒక చోట వత్తు దగ్గర తడబడి, వెనక్కి వెళ్లి సరిచేసుకున్నాడు. ఎవరూ అందించలేదు, అందించవద్దని వాళ్లలో వాళ్లే అనుకున్నారట. "నొప్పెడతాయిరా" దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి చదివాడు. అయిపోయాక వాళ్ల నాన్న కొడుకు చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, తనకు చదవడం రాని ఆ పేజీని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇందులో నా మాట ఏదిరా?" అని అడిగాడు. వాడు వేలు పెట్టి చూపించాడు.

ఆ ఏడు వానాకాలం ముగిసే రోజుల్లో నాకు కామెర్లు వచ్చాయి. పది రోజులు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. నా బదులు ఎవరూ లేరు. హెడ్మాస్టారు తన గది తలుపు, నా గది తలుపు తెరిచి ఉంచి, రెండు తరగతులూ చూసుకుంటానని కబురు పెట్టారు. చెరుకురసం తాగుతూ, పిల్లలు ఏం చేస్తున్నారో అని పడుకుని బెంగపెట్టుకున్నాను. అన్నీ తలకిందులై ఉంటాయనుకుంటూ పదకొండో రోజు బడికి వెళ్లాను.

హెడ్మాస్టారు వరండాలోనే ఎదురయ్యారు. "మొదటి రోజు రెండుసార్లు వెళ్లి చూసేనమ్మా. మూడోసారి వెళ్తే నాకే పని చెప్పేరు. వ్యవసాయంలో వ ఎన్నిసార్లు వస్తాదో చెప్పమన్నారు. చెప్పి వచ్చీసేను. ఆ తర్వాత నా అవసరం పడలేదు" అన్నారు. మెచ్చుకోవడమో, చిన్నబుచ్చుకోవడమో తెలియలేదు. రెండూ అనుకుంటాను.

గదిలోకి వెళితే గోడ నిండా కాగితాలు. చేపల బజార్లో దొరికే చేపల పేర్లు తెలుగులో, బెంగాలీలో. ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ చెప్పిన పొడుపుకథలు. రేవులో ఓడ సరుకు దించడం గురించి ముగ్గురు కలిసి రాసిన పాఠం. అన్నీ చూశాను. చాలా తప్పులున్నాయి, చాలా బాగున్నాయి. తర్వాత లెక్కల నోటుబుక్కులు తీయమన్నాను. ఎవరూ తీయలేదు.

"లెక్కలు సెయ్యలేదండి" అంది నాగావళి పిల్ల.

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

"ఎందుకు?"

"మాకు ఇష్టం లేదు కదా."

నవ్వొచ్చింది, భయమూ వేసింది. భాగహారం పాఠం మొదలుపెట్టి ఆపి వెళ్లాను, అది అక్కడే ఉంది. పిల్లలకు వదిలేస్తే అన్నీ వాళ్లే నేర్చుకుంటారని ఆ పది రోజులకు ముందు ఎవరైనా అడిగి ఉంటే గొప్పగా చెప్పేదాన్నేమో. ఇష్టమైనవి నేర్చుకుంటారు. ఇష్టం లేనివాటి దగ్గర పక్కన ఒకరు నిలబడాలి. ఎంత దూరంలో నిలబడాలన్నది పదమూడేళ్లూ నాకు పూర్తిగా తేలలేదు. కొందరికి భుజం మీద చెయ్యి వేయాలి, కొందరికి గుమ్మం అవతల ఉంటే చాలు. ఒకే పిల్లవాడికి ఒకరోజు ఇది, ఒకరోజు అది.

లెక్కల సంగతి ఏం చేద్దాం అని వాళ్లనే అడిగాను. గుసగుసలాడుకుని, పొద్దున్నే మొదటి గంటలో చేసేద్దాం అన్నారు. చేదు మందు ముందే మింగేసినట్టు. ఎన్ని చేస్తారంటే రోజుకు అయిదు అన్నారు. పది అన్నాను. ఏడు దగ్గర కుదిరింది. ఆ ఏడు లెక్కలూ ఎవరూ ఎగ్గొట్టలేదు. అంతకుముందు నేను ఇచ్చే పది ఏనాడూ అందరూ చేసినట్టు నాకు గుర్తు లేదు.

నాగావళి పిల్ల అయిదో తరగతి పూర్తి చేసింది. మా బడి అంతటితో సరి. ఆపైన పిల్లలు హిందీ బడికో, బెంగాలీ బడికో వెళ్లాలి. ఆ పిల్లను హిందీ బడిలో చేర్చారు. ఆఖరి రోజు అందరూ కాళ్లకు దండాలు పెట్టి వెళ్లారు. ఆ పిల్ల మాత్రం నా బల్ల పక్కనే నిలబడిపోయింది.

"దీదీమణీ, అక్కడ అడగనిస్తారేటి?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "తెలియదమ్మా. అడిగి చూడు" అన్నాను.

పంపించేశాక బాధపడ్డాను. అడగడం నేర్పి, అడిగితే కసురుకునే చోటికి పంపుతున్నానేమో, ఇంతకంటే తలవంచుకు రాసుకోవడమే ఆ పిల్లకు సుఖంగా ఉండేదేమో అని వేసవి సెలవులంతా అనుకున్నాను. మావారితో చెబితే, "నువ్వు నేర్పావనుకుంటున్నావు గాని ఆ పిల్లకు అది ముందునుంచీ ఉంది. నువ్వు అడ్డం తప్పుకున్నావు, అంతే" అన్నారు. ఆ మాట కొంచెం గుచ్చుకుంది. తర్వాత ఆలోచిస్తే ఊరటగానూ ఉంది.

దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం బడి వదిలి మెట్లు దిగుతుంటే, కింద తాళ్ల దుకాణం దగ్గర ఆ పిల్ల కనిపించింది. కొత్త బడి నీలం గౌను. జడలు అవే. నాకోసమే నిలబడిందట.

"అడిగేనండి" అంది, ఎలా ఉన్నారు అనైనా అనకుండా. "మొదటిసారి కూచో అన్నారు. రెండోసారి అడిగితే తర్వాత సెప్తాను అన్నారు. మూడోసారి సెప్పేరు."

"తిట్టలేదా?"

"కొంచెం" అంది. "నాను అడిగింది ఆళ్లకి కూడా తెల్దు. మర్నాడు సూసుకొచ్చి సెప్పేరు. ఇప్పుడు నాకన్నా పక్కనోళ్లు ఎక్కువ అడుగుతన్నారు."

ఏం అడిగిందో చెప్పింది. హిందీలో నదులన్నీ ఆడవాళ్లే, మరి బ్రహ్మపుత్ర మగవాడెందుకయ్యాడు అని. నాకూ తెలియదు. ఇద్దరం ట్రాము ఆగే చోటు దాకా నడుస్తూ ఆ సంగతే మాట్లాడుకున్నాం. రోడ్డు పక్కన దుర్గాపూజ పందిరికి వెదుళ్లు పాతుతున్నారు. దారిలో తన కొత్త నేస్తాల గురించి చెప్పింది, హిందీ టీచరు నవ్వితే పన్ను మీద పన్ను కనిపిస్తుందని చెప్పింది. ట్రాము వచ్చింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చెయ్యి ఊపి చూసేసరికి ఆ పిల్ల అప్పటికే వెనక్కి తిరిగి, వెదుళ్లు పాతుతున్నవాళ్ల దగ్గర ఆగి ఏదో అడుగుతోంది.